తాతల నాటి మాట, తాలూకా నాటి కాగితం

వంశచరిత్ర గురించి ఈ శీర్షికకు ప్రశ్నలు పంపమని కోరినప్పుడు పది పదిహేను ఉత్తరాలు వస్తాయనుకున్నాను. వచ్చినవాటితో బల్ల సొరుగు నిండిపోయింది. ఒకే సంగతి అడిగినవాటిని కలిపి, విశాఖపట్నంలోను ఆ చుట్టుపక్కల ఊళ్లలోను ఉన్న పాఠకుల ప్రశ్నలకు ఈసారి సమాధానాలు చెబుతున్నాను. రాసినవారి పేర్లు వేయడం లేదు.

ప్రశ్న: మా అమ్మగారి ఆధార్ కార్డులో పుట్టిన తేదీ 1938 జనవరి 1 అని ఉన్నది. అది ఎవరో అందాజుగా రాయించినది. ఆమె మాత్రం "నాను పుట్టింది విక్రమ నామ సంవత్సరం మాఘమాసం, పట్నం మీద బాంబులు పడ్డనాటికి నాకు అప్పుడే నడకొచ్చిందట" అంటారు. ఆమె చెప్పేవన్నీ రాసిపెట్టాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి? (ఎం.వి.పి. కాలనీ)

జవాబు: అమ్మా, మీరు మొదలుపెట్టవలసిన చోటు మీ అమ్మగారి నోట ఇప్పటికే ఉన్నది. విక్రమ నామ సంవత్సరం 1940 ఉగాది నుంచి 1941 ఉగాది వరకు నడిచింది; అందులో మాఘమాసం 1941 జనవరి చివర మొదలై ఫిబ్రవరి చివరికి ముగిసింది. జపాను విమానాలు విశాఖపట్నం మీద బాంబులు వేసినది 1942 ఏప్రిల్ 6న. అంటే ఆనాటికి ఆమెకు ఏడాది రెండు నెలల వయసు, సరిగ్గా నడక వచ్చే ఈడు. పంచాంగం మాట ఒకటి, బాంబుల నాటి మాట ఒకటి, రెండూ వేరువేరు దారుల్లో వచ్చి ఒకేచోట కలిశాయి కనుక, కార్డు మీది తేదీ కంటె మీ అమ్మగారి మాటనే నేను నమ్ముతాను. కార్డును దిద్దించాలా వద్దా అనేది వేరే సంగతి. ఇంటి పుస్తకంలో మాత్రం రెండింటినీ రాసి, ఏది ఎవరు చెప్పినదో పక్కనే గుర్తుపెట్టండి.

సంవత్సరం పేరు అరవై ఏళ్లకు ఒకసారి తిరిగివస్తుందని మరువకూడదు. విక్రమ 1880లోను వచ్చింది, 1940లోను వచ్చింది, 2000లోను వచ్చింది. అందువల్ల పెద్దలు చెప్పిన సంవత్సరం పేరుకు పక్కన మరొక ఆనవాలు ఉండి తీరాలి. మన ప్రాంతంలో అటువంటి ఆనవాళ్లు చాలా ఉన్నాయి. 1876లో మొదలైన ధాత కరువు, 1893 ప్రాంతాలలో తీరం వెంబడి వేసిన రైలు దారి, 1918 నాటి విషజ్వరాలు, 1933లో ఓడరేవు ప్రారంభం, 1942 బాంబులు, 1948లో సింధియా నౌకానిర్మాణ కేంద్రంలో తొలి ఓడ 'జల ఉష' నీటిలోకి దిగిన రోజు. "మీరు ఎప్పుడు పుట్టారు" అని అడిగితే తెలియదంటారు. "రేవు కట్టేటప్పుడు మీ నాన్నగారు పనికి వెళ్లారా, అప్పటికి పెళ్లయిందా" అని అడిగితే గంటసేపు చెబుతారు.

అడగడంలో మరొక మెళకువ ఉన్నది. "మన వంశచరిత్ర చెప్పమ్మా" అంటే ఎంతటివారైనా బిగుసుకుపోతారు, రెండు గొప్పలు చెప్పి ఊరుకుంటారు. వస్తువు చేతిలో పెట్టి అడగండి. తిరగలి ఎవరి పుట్టింటి నుంచి వచ్చింది, కాసులపేరు ఎప్పుడు తాకట్టులోకి పోయింది, ఏ ఊరి సంతకు నడిచి వెళ్లేవారు, బాంబుల భయంతో పట్నం విడిచి ఏ చుట్టం ఇంట తలదాచుకున్నారు అనే ప్రశ్నలకు జవాబుగా మనుషుల పేర్లు వాటంతట అవే వస్తాయి. ముఖ్యంగా పేర్లలోని కథను వదలవద్దు. పెంటయ్య, తవిటయ్య, తవిటినాయుడు వంటి పేర్లు ఊరికే పెట్టినవి కావు. ముందు పుట్టిన బిడ్డలు దక్కనప్పుడు, ఈ బిడ్డనైనా దిష్టి తగలకుండా దక్కించుకోవాలని పెంట మీద పొర్లించి, తవుడు ఇచ్చి కొన్నట్టు నటించి ఆ పేర్లు పెట్టేవారు. మీ వంశవృక్షంలో పెంటయ్య ఉన్నాడంటే, ఆయనకు ముందు ఏ కాగితంలోను లేని ఒకరిద్దరు పసివారు ఉండి ఉంటారని గ్రహించి ఆ సంగతి అడగండి.

సెల్‌ఫోనులో మాట పట్టుకోండి. ఒక్కొక్కసారి అరగంటకు మించవద్దు. ఆమె "ఏటి", "నాను", "ఎల్లినాం" అన్నవాటిని "ఏమిటి", "నేను", "వెళ్లాము" అని దిద్ది రాయకండి. ఆ పలుకు కూడా మీ పూర్వీకుల ఆస్తే. పోయినసారి చెప్పినదానికి ఈసారి చెప్పినది భిన్నంగా ఉంటే వాదించకుండా రెండూ ఉంచండి. నా సంగతి చెబుతాను. నలభై ఏళ్ల కిందట మా పెద్దమ్మ చేత రెండు గంటలు మాట్లాడించి క్యాసెట్టులో పట్టాను. మరుసటి వేసవిలో మా ఇంట్లోనే ఎవరో దాని మీద పెళ్లి మేళం రికార్డు చేశారు. ఆ సన్నాయి ఇప్పటికీ నా దగ్గర ఉన్నది, పెద్దమ్మ గొంతు లేదు. కనుక పట్టిన రోజే మరొకచోట నకలు పెట్టండి.

ప్రశ్న: మా తాతగారి ఊరు ఉక్కు కర్మాగారం కోసం తీసుకున్న గ్రామాలలో ఒకటి. ఇప్పుడక్కడ ఇల్లు లేదు, గుడి లేదు, చెరువు లేదు. ఊరి సంగతి తెలిసినవారు మా నాన్నగారి తరంతో అయిపోయారు. భూమి పోయిన కుటుంబాలకు ఇచ్చిన ఆర్ కార్డు (పునరావాస కార్డు) ఒక్కటే ఇంట్లో మిగిలింది. దీనితో నాలుగు తరాల పేర్లయినా దొరుకుతాయా? (గాజువాక)

జవాబు: దొరికే అవకాశం బాగానే ఉన్నది, ఒక విధంగా చెప్పాలంటే, నిలిచి ఉన్న ఊళ్లకంటె మీ ఊరికే కాగితం ఎక్కువ. కర్మాగారం కోసం ఖాళీ అయిన 64 గ్రామాలలో ప్రతి చెక్కకూ పరిహారం లెక్క కట్టవలసి వచ్చింది కనుక, ఏ సర్వే నంబరు ఎవరి పేర ఉన్నది, చనిపోయిన పట్టాదారు వారసులెవరు, ఎవరి వాటా ఎంత అనేది భూసేకరణ అధికారులు రాసి పెట్టారు. దానిని అవార్డు అంటారు. మీ ఆర్ కార్డు మీద ఉన్న కుటుంబ యజమాని పేరు, గ్రామం పేరు పట్టుకుని ఆ గ్రామపు అవార్డు నకలు కోసం కలెక్టరు కార్యాలయంలో దరఖాస్తు చేయండి. మామూలుగా అడిగితే దొరకనప్పుడు 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. అన్నదమ్ముల మధ్య వాటా తగాదా వచ్చి ఉంటే మీ పంట పండినట్టే, ఎందుకంటే తగాదా పడినవారు తమ హక్కు నిరూపించుకోవడానికి తాత ముత్తాతల పేర్లన్నీ వాఙ్మూలంలో చెప్పి ఉంటారు. ఆనాడు కొంపలు కూల్చిన తగాదాలే ఈనాడు వంశవృక్షానికి కొమ్మలు.

అవార్డులో సర్వే నంబరు దొరికిన తరువాత వెనక్కి నడవాలి. రెవెన్యూవారి వద్ద ఆర్.ఎస్.ఆర్. అని పిలిచే రీసర్వే సెటిల్‌మెంటు రిజిస్టరు, ఎస్టేటు గ్రామాలకయితే ఎస్.ఎఫ్.ఏ. అనే సెటిల్‌మెంటు ఫెయిర్ అడంగలు, ఆపైన ఏ పొలం ఎవరి సాగులో ఉన్నదో ఏటేటా రాసిన గ్రామ అడంగళ్లు ఉంటాయి. వీటి మీద ఉండే ఫసలీ సంవత్సరం, అంటే రెవెన్యూ లెక్కల సంవత్సరం, చూసి కంగారుపడవద్దు. ఫసలీకి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది, అది జూలై 1న మొదలవుతుంది. ఫసలీ 1352 అంటే 1942 జూలై నుంచి 1943 జూన్ వరకు.

ఒక చోట దారి మూసుకుపోయినట్టు కనిపిస్తుంది. విశాఖపట్నం చుట్టుపక్కల గ్రామాలలో అధికభాగం 1802 నాటి శాశ్వత శిస్తు ఒప్పందం కింద జమీందారీలలో ఉండేవి. రైతుకు పట్టా ఇచ్చేదీ, శిస్తు వసూలు చేసేదీ జమీందారు కచేరీయే కనుక, 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం అమలై సర్కారువారు కొలతలు వేసేవరకు మామూలు రైతు పేరు ప్రభుత్వ దస్తరంలోకి పెద్దగా ఎక్కలేదు. అదే సర్వసిద్ధి, గొలుగొండ తాలూకాలవారికి ఈ చిక్కు తక్కువ. అవి పందొమ్మిదో శతాబ్దం నడుమకే సర్కారు చేతికి వచ్చిన తాలూకాలు. జమీందారీ గ్రామాలకు అసలు లెక్కలు కరణం ఇంట్లో ఉండేవి. 1984లో కరణీకాలు, మునసబీలు రద్దయినప్పుడు దస్తరాలు తాలూకా కచేరీకి అప్పజెప్పారన్నది అధికారికమైన మాట. అటక మీద ఉండిపోయిన కట్టలు కూడా ఉన్నాయన్నది అందరికీ తెలిసిన మాట. మీ ఊరి కరణంగారి మనుమలు ఎక్కడ ఉన్నారో వాకబు చేసి, మర్యాదగా, ఆస్తి తగాదా కోసం రాలేదని ముందే చెప్పి అడగండి. ఆ ఒక్క మాట చెప్పకపోతే తలుపు తెరుచుకోదు.

సబ్‌రిజిస్ట్రారు కార్యాలయాన్ని కూడా మరువవద్దు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షను ప్రకారం స్థిరాస్తి దస్తావేజులు నకలు రాసిన 1వ పుస్తకాన్ని, దాని సూచికలను రుసుము చెల్లించి ఎవరైనా చూడవచ్చు. వీలునామాలుండే 3వ పుస్తకానికి మాత్రం ఆ స్వేచ్ఛ లేదు. సూచికలలో ఒకటి మనుషుల పేర్ల వరుస, రెండవది ఆస్తుల వరుస. కంప్యూటరులో తేలికగా దొరికేవి 1983 తరువాతి లావాదేవీలే. అంతకు ముందువాటికి చేతితో వెతికించాలి. పాత అమ్మకం దస్తావేజులో "ఫలానా వారి కుమారుడు, ఫలానా వారి మనుమడు" అన్న మొదటి వాక్యమే మీకు కావలసినది. భూమి ధర మీకు అక్కరలేదు.

వెతికేటప్పుడు జిల్లా పేరు చూసి మోసపోకండి. ఒకప్పటి విశాఖపట్నం జిల్లా జయపురం దాకా ఉండేది. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆ భాగం అటు పోయింది. 1950లో శ్రీకాకుళం, 1979లో విజయనగరం, 2022లో అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలు విడిపోయాయి. ఊరు కదలకుండానే మూడు జిల్లాలు మారిన కుటుంబాలు ఉన్నాయి. జనాభా లెక్కలలో వెతకవచ్చు కదా అని కొందరు అడుగుతారు. ఇంటింటి వివరాలు రాసిన పత్రాలను 1948 నాటి జనగణన చట్టం ప్రకారం ఎవరికీ చూపించరు.

ఇవన్నీ చేయడానికి ముందు మరొక పని చేయండి. మీ ఊరి ఆడపడుచులను ఏయే ఊళ్లకు ఇచ్చారో జాబితా వేయండి. ఊరు ఖాళీ అయినప్పుడు వారు అక్కడ లేరు, వారి అత్తవారి ఇళ్లు కూలలేదు, పుట్టింటి నుంచి తెచ్చుకున్న పెట్టెలు, పెళ్లినాటి ఫొటోలు చెదరలేదు. పోయిన ఊరిని గురించి ఎక్కువ తలచుకునేది కూడా వారే.

ప్రశ్న: మా ముత్తాతగారి తమ్ముడు "నేటాలు (దక్షిణాఫ్రికాలోని నటాల్) పోయాడు" అని ఇంట్లో చెప్పుకునేవారు. ఈమధ్య డర్బన్ నుంచి ఒక కుటుంబంవారు మా ఇంటిపేరు చూసి, మనం చుట్టాలమని ఫోను చేశారు. నిజమేనని ఎలా తేల్చుకోవాలి? (అనకాపల్లి)

జవాబు: ఇంటిపేరు కలిసిందని సంబరపడవద్దు. ఒకే ఇంటిపేరు ఎన్నో కులాలలో, ఎన్నో ఊళ్లలో ఉంటుంది. పైగా దక్షిణాఫ్రికాకు వెళ్లిన తెలుగువారిలో చాలామందికి అక్కడ తండ్రి పేరో, నాయుడు వంటి బిరుదో ఇంటిపేరుగా స్థిరపడింది, అసలు ఇంటిపేరు మరుగున పడింది. అయితే మీకు అనుకూలమైన సంగతి ఏమిటంటే, నేటాలు వెళ్లిన కూలీల గురించి ఆంగ్లేయులు రాసిపెట్టినంత వివరంగా, ఇక్కడ ఊళ్లో ఉండిపోయిన అన్నగారి గురించి ఎవరూ రాయలేదు. మద్రాసు నుంచి బయలుదేరిన 'ట్రూరో' ఓడ 1860 నవంబరు 16న డర్బన్ చేరింది మొదలుకొని 1911 వరకు సుమారు 1,52,000 మంది ఒప్పంద కూలీలు అక్కడికి చేరారు. ఒక్కొక్కరికి ఒక నంబరు ఇచ్చి, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం, ఒంటి మీది పుట్టుమచ్చలతో సహా ఓడల జాబితాలలో రాశారు. డర్బన్‌లో క్వాజులూ-నటాల్ విశ్వవిద్యాలయానికి చెందిన గాంధీ-లుతులి డాక్యుమెంటేషన్ సెంటరువంటి చోట్ల ఈ విషయం తెలిసినవారు ఉంటారు. ఫోను చేసినవారిని ముందుగా ఆ నంబరు అడగండి. తమ ముత్తాత నంబరు ఇంట్లో రాసి పెట్టుకున్న కుటుంబాలు అక్కడ ఉన్నాయి.

నంబరు దొరికితే గ్రామం పేరు, తండ్రి పేరు, వయసు అనే మూడింటినీ మీ ఇంటి మాటతో పోల్చండి. గ్రామం పేరును మన మనిషి చెప్పగా తమిళ గుమాస్తా విని, ఇంగ్లీషు దొర రాసి ఉంటాడు కనుక అక్షరాలను నమ్మక, పైకి చదివి చెవితో వినండి. మనుషుల పేర్లతో మరొక చిక్కు ఉన్నది. సింహాచలం అప్పన్న, అనకాపల్లి నూకాలమ్మ, విజయనగరం పైడితల్లి దయవల్ల మన ప్రాంతంలో అప్పలసామి, అప్పలనాయుడు, సింహాద్రి, నూకరాజు, పైడిరాజు అనే పేర్లు వీధికి నాలుగు. అందువల్ల పేరు ఒక్కటీ కలిస్తే అది సాక్ష్యం కాదు. పేరూ తండ్రి పేరూ ఊరూ కలిసి, ఆయన ఓడ ఎక్కిన సంవత్సరానికి మీ ముత్తాతగారి వయసు కూడా సరిపోతే అప్పుడు చుట్టరికం కలుపుకోండి. మారిషస్ వెళ్లినవారి సంగతి అడిగిన యలమంచిలి పాఠకులు మోకాలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్న వలసకూలీల దస్తరాలను చూడాలి. వాటిలో కొందరి ఫొటోలు కూడా ఉన్నాయి.

బర్మా వెళ్లినవారి కథ వేరు. విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం, కాకినాడ రేవులలో స్టీమరెక్కి రంగం (రంగూన్) పోయినవారు మేస్త్రీల వెంట పోయి, నాలుగు డబ్బులు చేసుకుని, మళ్లీ వచ్చేవారు. నేటాలు జాబితాలవంటివి వారికి లేవు. 1941 డిసెంబరులో రంగం మీద బాంబులు పడ్డాక కాలినడకన కొండలు దాటి వచ్చినవారి వద్ద కాగితం ఏముంటుంది? 1964 తరువాత వచ్చి విశాఖపట్నం బర్మా క్యాంపులో స్థిరపడిన కుటుంబాల వద్ద మాత్రం కాందిశీకుల గుర్తింపు కాగితాలు ఉండవచ్చు. నడిచి వచ్చినవారి విషయంలో మాత్రం నోటి మాటే దస్తరం. అడగవలసినవారు ఇంకా కొందరైనా ఉన్నప్పుడే అడగండి.

ప్రశ్న: మా పూర్వీకుడొకాయన పద్మనాభం యుద్ధంలో విజయరామరాజుగారి పక్కన పోరాడి మరణించారని మా తాతగారు గర్వంగా చెప్పేవారు. ఆయన మా తాతగారికి తాతగారట. ఇది నిరూపించవచ్చునా? (మధురవాడ)

జవాబు: విజయనగరం రాజు విజయరామరాజుగారికీ ఈస్టిండియా కంపెనీ సేనకూ మధ్య పద్మనాభం యుద్ధం జరిగినది 1794 జూలై 10న. మీ తాతగారు 1920 ప్రాంతాలలో పుట్టి ఉంటారనుకుందాము. తరానికి పాతికేళ్లనుంచి ముప్పయ్యేళ్లు వేసుకుంటే ఆయన తాతగారు 1860 ప్రాంతాలలో పుట్టిన మనిషి అవుతారు. పుట్టడానికి అరవై డెబ్బయ్యేళ్ల ముందు యుద్ధంలో చనిపోవడం ఎవరివల్లా కాదు. అయితే కథ అబద్ధమని నేను అనడం లేదు. నోటి మాటగా వచ్చే వంశావళిలో చివరి మూడు తరాలు స్పష్టంగా ఉంటాయి, మొట్టమొదటి వీరుడు స్పష్టంగా ఉంటాడు, నడుమనున్న రెండు మూడు తరాలు కరిగిపోతాయి. పైగా మనవాళ్లలో తాత పేరు మనుమడికి పెట్టే ఆచారం ఉన్నందువల్ల, ఇద్దరు రామునాయుళ్లు కాలక్రమంలో ఒక్కరై కూర్చుంటారు. మీకు పోయినవి ఆ నడిమి తరాలే.

వాటిని పట్టుకోవడానికి, మీ కుటుంబానికి ఎక్కడైనా ఇనాం భూమి, అంటే శిస్తు మాఫీ చేసో తగ్గించో ఇచ్చిన భూమి, ఉండేదా అని అడగండి. 1858లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఇనాం కమిషన్ ఏర్పడి, ఇనాములన్నింటినీ విచారించి ఫెయిర్ రిజిస్టర్లు రాయించింది. ఇనాము ఎవరు ఇచ్చారు, మొదట పుచ్చుకున్నవారెవరు, ఇప్పటి అనుభవదారు ఎవరు, ఆయన వయసెంత, మొదటివారికి ఆయన ఏమవుతారు అనే గడులు వాటిలో ఉంటాయి. 1802 శాశ్వత ఒప్పందానికి ముందు పుట్టిన ఇనాము అయితే అందులో మీవారి పేరు కనిపించే ఆశ ఉన్నది, కనిపిస్తే ఆ నడిమి తరాలు ఒక్క పుటలో తేలిపోతాయి. యుద్ధకాలపు జిల్లా దస్తరాలు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో వెతకవలసి ఉంటుంది. ఇంతదూరం పోకముందు కార్‌మైకేల్ 1869లో ప్రచురించిన జిల్లా మాన్యువల్‌ను, ఫ్రాన్సిస్ 1907లో కూర్చిన గెజిటీరును చదవండి. జమీందారీల కథ వాటిలో విస్తారంగా ఉన్నది. అది పాలకుల కంటితో రాసినదని మాత్రం గుర్తుంచుకుని చదవండి.

ఏదీ దొరకకపోతే ఏం చేయాలి? "మా తాతగారు ఇలా చెప్పేవారు" అని ఆయన మాటలలోనే రాయండి. "మా పూర్వీకుడు పద్మనాభంలో మరణించాడు" అని రాస్తే అది నిరూపించవలసిన మాట. తాతగారు అలా చెప్పేవారన్నది నిరూపణ అక్కరలేని నిజం.

ప్రశ్న: మా ఇంట్లో వంశవృక్షం గీయించి గోడకు తగిలించారు. ఏడు తరాల మగవారున్నారు, ఒక్క ఆడమనిషి పేరు లేదు. పాతతరం స్త్రీల పేర్లు ఇక దొరకవా? (సీతమ్మధార)

జవాబు: దస్తావేజులలో వెతికితే "ఫలానావారి భార్య" అన్నంతవరకే దొరుకుతారు, పుట్టింటివారి పేరు ఉండదు. కాని మీరు చూడవలసినది గోడను కాదు, పెద్దలకు పెట్టుకునే చోటును. తర్పణాలు విడిచే కుటుంబమైతే పురోహితుడు చెప్పించేది తండ్రి, తాత, ముత్తాతల పేర్లు మాత్రమే కాదు. తల్లి, నాయనమ్మ, ఆమె అత్తగారు, అలాగే మాతామహుల వైపు మూడు తరాల దంపతులు కూడా ఆ మంత్రంలో గోత్రంతో సహా వస్తారు. మీ నాన్నగారో బాబాయిగారో ఏటేటా చదువుతున్న పేర్లు గోడమీది పటంలో లేకపోవడం విడ్డూరం. తర్పణాల ఆచారం లేని ఇళ్లలో సంక్రాంతి నాడు పెద్దలకు కొత్తబట్టలు పెట్టి, పేరుపేరునా తలచుకుని చూపిస్తారు కదా, ఆ రోజున పక్కన కూర్చుని రాసుకోండి. ఇంటి పేరంటాలు ఎవరని కూడా అడగండి. పసుపు కుంకుమలతో చిన్నతనంలోనే పోయిన కోడలో ఆడపడుచో పేరంటాలై దేవుడి మూలలో వెలసి ఉంటుంది. ఆమెకు ఒక పేరు, ఒక ఊరు, ఒక చావు కథ ఉంటాయి. ఏ రిజిస్టరులోను లేని ఆడవారు మన ఇళ్లలో ఇలా మిగిలారు.

ఇక పటం సంగతి. మేనరికాలున్న కుటుంబాన్ని కొమ్మలు విడిపోయే చెట్టులా గీయడం కుదరదు. మేనమామను చేసుకున్న అమ్మాయికి అమ్మమ్మే అత్తగారు. ఒకే మనిషి రెండుచోట్ల రావాలి. చాలామంది చిత్రకారులు ఇక్కడే విసిగి ఆడవారిని తీసేశారని నా అనుమానం. కాబట్టి చెట్టు మానేసి, ఒక్కొక్క దంపతులకు ఒక్కొక్క పుట ఇచ్చి, పైన ఇద్దరి తల్లిదండ్రుల పుట సంఖ్యలు, కింద పిల్లల పుట సంఖ్యలు వేయండి. దత్తత పోయినవారికీ ఇల్లరికం వెళ్లినవారికీ రెండు ఇళ్ల సంఖ్యలూ వేయవచ్చు. గోడమీదికి అందంగా ఉండదు, తప్పులు మాత్రం ఉండవు.

ప్రశ్న: మా ఇల్లు సముద్రానికి దగ్గర. పాత ఫొటోలు చెమ్మకు మచ్చలు పడుతున్నాయి. లామినేషన్ చేయించమంటారా? రెండు తాటాకు కట్టలు కూడా ఉన్నాయి. (పెదవాల్తేరు)

జవాబు: లామినేషన్ చేయించవద్దు. ఆ వేడికి ఫొటో దెబ్బతింటుంది, ఆ ప్లాస్టిక్‌ను మళ్లీ ఊడదీయడం ఎవరికీ సాధ్యం కాదు. చిరిగినచోట సెల్లోటేపు వేయవద్దు. పదేళ్లకు దాని జిగురు పసుపుపచ్చని మరకగా మిగులుతుంది. ఫొటో వెనుక బాల్‌పెన్నుతో రాయకుండా మెత్తని పెన్సిలుతో, బొమ్మ మీద ఒత్తు పడకుండా, ఎవరెవరు ఏ వరుసలో ఉన్నారో ఎడమ నుంచి కుడికి రాయండి. స్టూడియో ముద్ర ఉంటే దానిని కూడా ఫొటో తీయండి, అది ఊరినీ కాలాన్నీ చెబుతుంది. స్కాన్ అంగుళానికి 600 చుక్కల చొప్పున చేయించి, బంధువులకు వాట్సాప్‌లో పంపేటప్పుడు బొమ్మగా కాక డాక్యుమెంటుగా పంపండి, లేకపోతే అది కుదించి పంపుతుంది. అసలు ఫొటోలను బయటి గోడకు ఆనుకున్న బీరువాలో ఉంచకుండా, లోపలి గదిలో నేలకు ఎత్తుగా, సిలికా జెల్ పొట్లాలు వేసిన డబ్బాలో ఉంచి, వానాకాలం దాటగానే పొట్లాలు మార్చండి.

తాటాకులకు కొబ్బరినూనె రాయమని ఎవరైనా చెబితే వినవద్దు. గ్రంథాలయాలలో నిమ్మగడ్డి నూనె వాడతారు కాని అది అలవాటైన చేతులు చేయవలసిన పని. తాడు తీసి ఆకులు విడదీయకండి. వరుస తప్పితే మళ్లీ కూర్చడం కష్టం. ముందుగా రెండు మూడు ఆకులు వెలుతురులో ఫొటో తీసి, పాత లిపి చదవగలిగినవారికి చూపించండి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలోని వి.ఎస్. కృష్ణా గ్రంథాలయంలో తాళపత్రాల సంగతి తెలిసినవారిని వాకబు చేయవచ్చు. అవి పురాణమే అయి ఉంటాయని అనుకోవద్దు. ఇంటి లెక్కలు, అప్పుపత్రాలు, జాతకాలు కూడా తాటాకు మీదే రాసేవారు, మీ పనికి పురాణం కంటె జాతకమే ఎక్కువ ఉపయోగం.

ప్రశ్న: మా తాతగారికి రెండవ కుటుంబం ఉండేదని పాత ఉత్తరాలలో బయటపడింది. పుస్తకంలో రాయాలా, ఉత్తరాలు చింపెయ్యాలా? (అక్కయ్యపాలెం)

జవాబు: చింపవద్దు. ఆ రెండవ ఇంటి పిల్లలో మనుమలో ఇప్పుడు బతికి ఉంటే వారిని అడగకుండా అచ్చు వేయవద్దు. ఆ సంగతి మీకెంత సొంతమో వారికీ అంతే సొంతం. ఉత్తరాలను ఒక కవరులో పెట్టి అంటించి, పైన ఏ సంవత్సరం తరువాత తెరవవచ్చునో రాసి, మీ సంతకం చేసి, కుటుంబంలో నోరు జారని ఒకరికి అప్పగించండి. అచ్చు వేసే పుస్తకంలో తాతగారి పుట దగ్గర అర పేజీ ఖాళీ వదలండి.